పేరాలో చెప్పలేదు

రాత్రి రెండుంబావుకి
బన్నేరుఘట్ట రోడ్డు మీద లారీలు కూడా కాస్త గొంతు తగ్గిస్తాయి.
నాలుగో అంతస్తు, మగవాళ్ళ వార్డు.
పదకొండో మంచం సెలైన్ ఇంకో ముప్పావుగంటకు గానీ అయిపోదు.
కేస్ షీట్ల అడుగునుంచి నా పుస్తకం తీస్తాను,
అవెన్యూ రోడ్డులో నూట ఇరవైకి బేరమాడి తెచ్చిన పాతది.
నాకు ముందు చదివినవాళ్ళెవరో
జవాబులు పెన్సిల్‌తో పెడుతూ పెడుతూ సగంలో మానేశారు.
పాసయ్యారో లేదో.

రోజుకు పదిహేను మాటలు నా లెక్క.
చేతిమీద రాసుకుంటే శానిటైజర్ తినేస్తుంది,
అందుకే గ్లవ్స్ డబ్బా అట్ట చింపి రాసుకుంటాను.
రిలక్టెంట్: మనసొప్పని, వెనకాడే.
ఆయా గౌరమ్మ బెడ్‌పాన్ కడిగొచ్చి, చేతులు తుడుచుకుంటూ
"ఇవత్తు యావ పద, సిస్టర్?" అంటుంది.
చెప్తాను. నాలుగుసార్లు నోట్లో తిప్పుకుని
తెల్లారేలోపు వాడేస్తుంది:
"లిఫ్టు తుంబా రిలక్టెంటు, మెట్లల్లే హోగోణ."
నా బదులు ఆవిడ రాస్తే బాగుండు పరీక్ష.

కొన్ని మాటలు ముందే తెలుసనుకున్నాను.
ఎక్స్‌పైర్.
మందు స్ట్రిప్పు వెనక అంకెల్లో ఉంటుంది;
డ్యూటీ డాక్టరు ఫోన్లో గొంతు తగ్గించి అంటాడు.
డిక్షనరీలో ఇంకో అర్థం కనిపించింది:
ఊపిరి బయటికి వదలడం. అంతే.
ఆ లెక్కన ఈ వార్డులో ఇరవై రెండు మంది
నిమిషానికి పదహారుసార్లు, మళ్ళీ మళ్ళీ.
ఆ పూట పేజీ మూసి అందరి నాడీ చూసొచ్చాను,
చూడాల్సిన టైము కాకపోయినా.

రిలీవ్ అంటే మాకు
పొద్దున ఏడున్నరకు ప్రేమ్‌జ్యోతి రావడం.
పుస్తకంలో నొప్పి తగ్గించడమట.
ప్రేమ్‌జ్యోతి ఏనాడూ ఎనిమిదికి ముందు రాలేదు.

ఈ రాత్రి పేరా ఒక దీపస్తంభం కాపరి గురించి.
ఎక్కడో చలి సముద్రం, నడుమ రాతిగుట్ట.
గాలి ఎటు వీచిందో, దీపం ఎంత నూనె తాగిందో,
ఏ ఓడ ఎన్నింటికి దాటిపోయిందో
ముప్పై ఒక్క ఏళ్ళు గంటగంటకూ రాసిపెట్టాడట.
తొమ్మిదో ప్రశ్న: కాపరి ఒంటరితనంతో బాధపడ్డాడు.
అవును. కాదు. పేరాలో చెప్పలేదు.
ఆలోచించడానికేముంది?
అవును దగ్గర పెన్నుతో టిక్కు పెట్టాను.
వెనక జవాబుల పేజీలో, చెప్పలేదు.

కోపమొచ్చింది.
ముప్పై ఒక్క ఏళ్ళు!
గాలి తప్ప పలకరించే దిక్కు లేదు!
గౌరమ్మకు కథంతా చెప్పి న్యాయమడిగాను.
పదకొండో మంచం దుప్పటి సర్దుతూ
"నీవు అవరన్న కేళిద్రా?" అంది.
నువ్వెళ్ళి ఆయన్ని అడిగావా అని.

మూడింటికి సెలైన్ మార్చి చార్టు నింపాను.
బీపీ నూట పది బై డెబ్బై. నాడి ఎనభై నాలుగు.
మూత్రం రెండు వందల ఎనభై.
పేషెంటు నిద్రలో ఉన్నాడు.
సంతకం, బి. సువార్త.
పుస్తకం అలవాటుకొద్దీ
రాసింది ఇంకోసారి చదివాను,
ప్రశ్నలు వేసేవాళ్ళు చదివినట్టు.

మగతలో ఆయన ఈమె మణికట్టు పట్టుకుని
"సరోజా" అని పిలిచినప్పుడు
సిస్టరు చెయ్యి విడిపించుకుందా,
లేక "ఆఁ" అని పలికిందా?
గిద్దలూరు నుంచి వచ్చిన మూడు మిస్డ్‌కాల్స్‌కి
తిరిగి చేసిందా?
నాలుగు నెలల జీతంలోంచి కూడబెట్టి
ఈ పరీక్షకు ఫీజెందుకు కట్టింది?
చెప్పలేదు.
చెప్పలేదు.
ఆ చివరిది నన్నడిగినా
ఏ గడిలో టిక్కు పెడతానో తెలీదు.

తొమ్మిదో ప్రశ్న కొట్టేద్దామని పేజీ లైటు కిందికి వంచాను.
నా సిరా అడుగున సన్నగా
చెరిపీ చెరపని పెన్సిలు గీత,
అవును దగ్గరే.
అక్కణ్ణించి ముందుకి పుస్తకంలో పెన్సిలే లేదు.

కాసేపు అలాగే పట్టుకున్నాను.
ఆ తర్వాత పేజీ తిప్పాను.
తేనెటీగల గురించి.